బాబాయి నేర్పిన లెక్క

(ఢిల్లీలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభ ఎవరి స్మృతికొరకు జరుగుచున్నదో ఆయన మాకు బాబాయి. మా తండ్రిగారి తోడబుట్టిన తమ్ముడు. కాని ఈ హాలులో కూర్చున్న తెలుగువారందరును ఆయనను బాబాయి అనియే పిలిచినారు. ఉత్తరాది సోదరులు చాచాజీ అన్నారు. తన పేరు అచ్చులో చూచుకొనుట ఆయనకు ఎన్నడూ ఇష్టము లేదు. ఆ ఇష్టమును మన్నించి ఈ ప్రసంగములో కూడ మేము ఆయనను బాబాయి అనియే చెప్పుకొందుము.

పోయినవారిని పొగడుట సులభము. బాబాయికి పొగడ్త గిట్టదు. ఇటువంటి సంస్మరణ సభలకు ఆయన ఎన్నింటికో వచ్చినారు. చివరి వరుసలో కూర్చుండి, ఉపన్యాసములన్నియు ఓపికతో విని, సభ ముగియగానే కార్యదర్శి దగ్గరకు వచ్చి, “అంతా బాగున్నది గాని, ఆయన భార్యకు పెన్షను కాగితములు వచ్చినవా?” అని అడుగుచుండేవారు. ఆ ప్రశ్నకు సమాధానము లేక తలవంచుకొన్న కార్యదర్శులను మేము చూచినాము. కనుక పొగడ్తను విడిచి, ఆయన చేసిన పనిని, ఆ పనికి వెనుకనున్న ఆలోచనను మీ ముందుంచుదుము.

బాబాయి 1938లో తెనాలి ప్రాంతపు పల్లెలో పుట్టినారు. 1958లో రైల్వేలో చేరి ఢిల్లీ వచ్చినారు. ఉద్యోగము ట్రెయిన్స్ క్లర్కు. ఈనాటి యువకులకు ఆ పని తెలియదు. గూడ్సుబండి యార్డులోనికి రాగానే చేతిదీపము, పుస్తకము పట్టుకొని, ఇంజను మొదలు గార్డు పెట్టె వరకు నడచి, ప్రతి వ్యాగను నంబరును, రకమును, గమ్యమును, సీలు ఉన్నదీ లేనిదీ చూచి వ్రాసుకొనవలెను. ఢిల్లీ పుష్యమాసపు పొగమంచులో అడుగు దూరములోనున్న అంకె కనబడదు. వ్రేళ్ళు కొంకర్లు పోవును. ప్రక్క లైనులో షంటింగు జరుగుచుండును. ఇప్పుడు ఈ సమాచారమంతయు కంప్యూటరులో ఉన్నది; ఆనాడు మనిషి కన్నులే కంప్యూటరు.

ఆ పనినుండి ఆయన ఒక సత్యమును నేర్చుకొన్నారు. “ఒక అంకె తప్పు వ్రాసితే ఆ వ్యాగను ఎక్కడో సైడింగులో పడిపోవును. బండికి నష్టము లేదు, బండి వెళ్ళిపోవును. ఆ వ్యాగనులోని గోధుమలకొరకు ఎదురుచూచువాడికే నష్టము” అనుచుండేవారు. సంఘమును గురించి ఆయన తెలుసుకొన్నదంతయు ఆ మాటలోనుండియే వచ్చినదని మేము అనుకొందుము. ఉద్యమము ముందుకు పోవును. ఏదో ఒక సైడింగులో ఒక మనిషి మిగిలిపోవును. ఆ మనిషి నంబరు ఎవరి పుస్తకములోనైనా ఉండవలెను.

ఆయన సర్వీసు మన పోరాటముల చరిత్రతో కలిసి నడచినది. చేరిన రెండు సంవత్సరములకే, 1960 జూలై 11 అర్ధరాత్రి, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సమ్మె మొదలైనది. రెండవ వేతన సంఘము సిఫారసులు ఉద్యోగులను నిరాశపరచినవి. ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి సమ్మెను నిషేధించినది. అయిదు రోజులకు సమ్మె ముగిసినది. ఇరువది రెండేండ్ల కుర్రవాడు ఆ అయిదు రోజులు పనికి పోలేదు.

1968 సెప్టెంబరు 19న ఒక్కరోజు సమ్మె జరిగినది. అవసరములపై ఆధారపడిన కనీస వేతనము ప్రధానమైన కోరిక. ఆ కోరిక ఆకాశమునుండి ఊడిపడినది కాదు. 1957 జూలైలో ఈ న్యూఢిల్లీలోనే కూడిన 15వ భారత కార్మిక మహాసభలో ప్రభుత్వము, యజమానులు, కార్మికులు కలిసి అంగీకరించిన సూత్రమది. కుటుంబమునకు మూడు వినియోగ ప్రమాణములు, డాక్టర్ ఐక్రాయిడ్ చెప్పిన ఆహారపు లెక్క, సంవత్సరమునకు 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటచెరకు, దీపము వగైరాలకు 20 శాతము. బాబాయి ఈ అంకెలను పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్లు అప్పజెప్పేవారు. “72 గజములను నలుగురికి పంచితే ఒక్కొక్కరికి 18 గజములు. నీ పిన్నికి ఈ సంవత్సరము ఎన్ని గజములు వచ్చినవో పోయి అడుగు” అని మమ్ము ఇంటిలోనికి పంపిన రోజులున్నవి. వేతన సంఘమనగా ఏమో మాకు పుస్తకములలో తెలియకముందే పిన్ని చీరల లెక్కలో తెలిసినది.

ఆ ఒక్కరోజు సమ్మెకు కూడ ఆర్డినెన్సు వచ్చినది. అరెస్టులు, బర్తరఫులు జరిగినవి. పఠాన్‌కోట్‌లో పోలీసు కాల్పులకు కార్మికులు బలియైనారు. ఆ రోజు బాబాయికి సస్పెన్షను ఉత్తరువు అందినది. కొన్ని నెలలకు తిరిగి చేర్చుకొన్నారు.

ఆ తరువాత వచ్చినది 1974. ఈ సంగతి మేము చూచినది కాదు. అప్పటికి మేము బెజవాడలో పసివారము. పిన్నివద్దను, బాబాయి సహోద్యోగులవద్దను విన్నదానినే చెప్పుచున్నాము. బోనసు, ప్రభుత్వరంగ సంస్థలతో సమానమైన వేతనము, రన్నింగ్ సిబ్బందికి ఎనిమిది గంటల పని మొదలగు కోరికలపై అనేక రైల్వే సంఘములు కలిసి జాతీయ సమన్వయ సంఘముగా ఏర్పడినవి. మే 2న జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. మే 8న సమ్మె మొదలైనది. సుమారు 17 లక్షల మంది ఉద్యోగులున్న వ్యవస్థలో ఇరువది రోజులు సాగిన సమ్మె అది. వేలాదిమంది జైళ్ళకు పోయినారు. అనేక కాలనీలలో కుటుంబములను క్వార్టర్లనుండి వెళ్ళగొట్టినారు.

బాబాయి ఉద్యోగము పోయినది. క్వార్టరు పోయినది. ముప్పదియారేండ్ల మనిషి భార్యతోను, ఇద్దరు పిల్లలతోను పహాడ్‌గంజిలో ఒక్క గదిలో చేరినారు. పగలు ఒక దుకాణములో పద్దులు వ్రాసినారు. పిన్ని అప్పడములు, ఊరగాయలు చేసి తెలుగు కుటుంబములకు ఇండ్లకు తీసికొనిపోయి అమ్మినారు. మూడు సంవత్సరములు గడచినవి. 1977లో ప్రభుత్వము మారి, మధు దండావతే రైల్వే మంత్రియైన తరువాత తొలగించినవారిని తిరిగి తీసికొన్నారు. ఏ బోనసుకొరకు సమ్మె జరిగినదో ఆ బోనసు ఉత్పాదకతతో ముడిపెట్టిన రూపములో 1979లో రైల్వే ఉద్యోగులకు వచ్చినది. ఓడిపోయినదని అందరూ అన్న సమ్మె అయిదేండ్లకు ఫలించినది. అది వేరొక ఉపన్యాసమునకు విషయము.

ఇక్కడ చెప్పవలసినది వేరొకటి ఉన్నది. సమ్మె విరమించిన తరువాత, సమ్మెలో పనిచేసినవారికి విధేయులని పేరుపెట్టి ఇంక్రిమెంట్లు ఇచ్చినారు. వారి కొడుకులకు ఉద్యోగములు ఇచ్చినారు. బాబాయి ఉన్న కాలనీలోనే అటువంటి వ్యక్తి ఒకరున్నారు. ఆయనకు ఆరుగురు సంతానము. భార్య జబ్బు మనిషి. మూడవరోజున భయపడి పనికి పోయినారు. పెద్దకొడుకుకు ఉద్యోగము దొరికినది. కాలనీలో వారితో మాటలు పోయినవి. పంపు దగ్గర ఆడవారు వారి బిందెను ముందుకు రానిచ్చేవారు కారు.

1978లో ఆ ఇంటిలో ఆడపిల్ల పెండ్లి వచ్చినది. శాఖలో ఎవరూ పోరాదని నిర్ణయించుకొన్నారు. బాబాయి పోయినారు. పిన్నిని కూడ తీసికొనిపోయినారు. మరునాడు శాఖ సమావేశములో ఆయనను నిలదీసినారు. “నీ ఉద్యోగము పోయిన రోజున వాని కొడుకుకు ఉద్యోగము వచ్చినది. నీకు సిగ్గు లేదా?” అని ఒక మిత్రుడు గట్టిగానే అడిగినాడట. బాబాయి ఇచ్చిన సమాధానము ఆనాడు ఉన్నవారు మాకు చెప్పినారు. “సమ్మెలో అతడు మనలను విడిచిపోయినాడు. నిజమే. అంతకుముందు ఆ ఆరుగురు పిల్లలున్న ఇంటికి మనలో ఒక్కడైనా పోయి, ఇరువది రోజులు ఏమి తిందురని అడిగినాడా? అడగని లెక్క మన పుస్తకములోనిది. రేపు మరల సమ్మె వచ్చును. అప్పుడు కూడ అతడు ఈ కాలనీలోనే ఉండును.”

ఇందులో మెత్తదనము ఉన్నదని కొందరు అనవచ్చును. అటువంటివారికి ఒక మాట. భయపడి పోయినవారికిని, తోటివారి పేర్లు వ్రాసి పైకి పంపినవారికిని ఆయన స్పష్టమైన భేదము పాటించినారు. రెండవ రకము వారిని క్షమించమని ఆయన ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. అటువంటి ఒకరు తరువాతి కాలములో సంఘ పదవికి నిలబడినప్పుడు, బాబాయి లేచి కాగితము చూడకుండ తారీకులతో సహా జరిగినది చెప్పి కూర్చున్నారు. ఆ ఎన్నిక ఫలితము వేరుగా చెప్పనవసరము లేదు.

ఆ పెండ్లి ఇంటి పెద్దకొడుకు, విధేయుని కొడుకుగా ఉద్యోగము పొందిన ఆ యువకుడు, తరువాత మన శాఖలో సభ్యుడైనాడు. పండ్రెండు సంవత్సరములు కోశాధికారిగా ఒక్క పైసా తేడా లేకుండ లెక్కలు చూచినాడు. ఇప్పుడు ఆయనయు విశ్రాంత ఉద్యోగి. మొన్న హిండన్ నది ఒడ్డున బాబాయి పాడెను మోసిన నలుగురిలో ఆయన ఒకరు.

మన పెద్ద వి.వి. గిరి గారిని గురించి కూడ ఈ సందర్భములో ఒక మాట చెప్పవలెను. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన తెలుగు నాయకుడాయన. 1974 మే నెలలో ఆయన రాష్ట్రపతి భవనములో ఉన్నారు. రైల్వే కార్మికులు తీహారు జైలులో ఉన్నారు. ఈ విచిత్రమును తలచుకొని యువకులు ఆవేశపడినప్పుడు బాబాయి వారిని ఆపేవారు. “1954లో బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చినప్పుడు కార్మిక మంత్రి పదవిని వదులుకొన్న మనిషి ఆయన. రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాకు కట్టుబడియుండవలెనని రాజ్యాంగము చెప్పుచున్నది. మనవాడు పైన ఉన్నాడు కదా అని మనము క్రింద నిశ్చింతగా ఉండరాదు. అంతవరకే అందులోని పాఠము” అనేవారు. మనుష్యులను కొట్టివేయుటలో ఆయనకు తొందర లేదు. మనుష్యులపై ఆధారపడుటలో కూడ తొందర లేదు.

ఇక మా కుటుంబము సంగతి. మా తండ్రిగారు బెజవాడలో ఆర్.ఎమ్.ఎస్. సార్టరు. కదలుచున్న రైలులో నిలబడి, ఊగుచున్న దీపపు వెలుగులో చిరునామాలు చదివి, ఉత్తరములను గళ్ళలో వేయుట ఆయన వృత్తి. అన్న తపాలా, తమ్ముడు రైల్వే. ఒకే బండిపై ఇద్దరి అన్నము. 1979లో మా తండ్రిగారు జబ్బుచేసి మరణించినారు. మాకు తొమ్మిదేండ్లు. చెల్లెలికి అయిదు. బాబాయి తిరిగి ఉద్యోగములో చేరి రెండేండ్లే అయినది. మూడేండ్ల అప్పులు ఇంకను తీరలేదు. కర్మకాండ ముగిసిన మరునాడు మా అమ్మగారితో, “వదినా, పిల్లల పుస్తకములు కట్టుము. ఇక్కడనున్న ఖర్చే అక్కడ” అన్నారు. అది నిజము కాదని ఆ ఇద్దరికీ తెలుసు. బెజవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్కి ఢిల్లీ వచ్చినాము. రెండు గదుల క్వార్టరులో ఎనిమిదిమందిమి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో నెలకొల్పిన ఆంధ్ర విద్యా సంస్థవారి బడిలో మేము తెలుగు నేర్చుకొన్నాము. ఈనాడు మీ ముందు ఈ భాషలో మాట్లాడుచున్నామంటే అది ఆ బడి, ఆ బాబాయి చలువ.

మా అమ్మగారి కుటుంబ పెన్షను మంజూరగుటకు పదునాలుగు నెలలు పట్టినది. సర్వీసు పుస్తకములో ఒకచోట మా అమ్మగారి పేరు ఒక విధముగాను, మరియొకచోట మరియొక విధముగాను వ్రాసియున్నది. అంతే కారణము. బాబాయి పదునాలుగు నెలలు ఉత్తరములు వ్రాసినారు. ప్రతి ఉత్తరమునకు నకలు, ప్రతి నకలుపై తారీకు, ప్రతి తారీకు ప్రక్కన రిజిస్ట్రీ రసీదు అతికించినారు. ఆ కట్ట మా ఇంటిలో ఇప్పటికిని ఉన్నది. అందులో ఒక్క కఠినమైన మాట లేదు. ఒక్క అంకె తప్పు లేదు.

ఆ కట్టతోనే ఆయన రెండవ జీవితము మొదలైనదని చెప్పవచ్చును. 1996లో పదవీ విరమణ చేసి ఘాజియాబాదులో చిన్న ఇల్లు కట్టుకొన్నారు. నాటినుండి దాదాపు మూడు దశాబ్దములు ఆయన వరండా ఒక కార్యాలయము. ఫరీదాబాదునుండి, సోనిపతునుండి వితంతువులు, వృద్ధులు వచ్చేవారు. ఆయన పెన్షను చెల్లింపు ఉత్తరువును తీసికొని మొట్టమొదట చూచునది భార్య పుట్టినతేదీ అందులో వ్రాసియున్నదా లేదా అని. ఎనుబదేండ్లు నిండినవారికి పెన్షనుపై 20 శాతము, ఎనుబదియైదుకు 30, తొంబదికి 40, తొంబదియైదుకు 50, నూరేండ్లకు నూరు శాతము అదనముగా వచ్చునని మీకు తెలుసు. కుటుంబ పెన్షనుకు కూడ ఇది వర్తించును. కాని భార్య పుట్టినతేదీ కాగితములలో లేనిచో, ఎనుబదేండ్లు నిండినవని ఆ ముసలితల్లి ఎట్లు నిరూపించుకొనును? భర్త బ్రతికియుండగానే ఈ పని చేయించండి అని ఆయన కనబడిన ప్రతి పెన్షనరుకు చెప్పినారు. ఈ సభలోనున్న పెద్దలు ఈ రాత్రి ఇంటికి పోయి తమ కాగితములు తీసి చూచుకొన్నచో బాబాయికి అదే నివాళి.

2000 డిసెంబరులో గ్రామీణ డాక్ సేవకుల కోరికలపై తపాలా ఉద్యోగులు దీర్ఘముగా సమ్మె చేసినప్పుడు, అరువది రెండేండ్ల బాబాయి ప్రతి ఉదయము మా శిబిరమునకు వచ్చేవారు. ఉపన్యాసము ఇమ్మంటే ఇవ్వలేదు. పుస్తకము తీసి, “నీ కౌంటరులోని ఆ అమ్మాయి నిన్న రాలేదే, ఇంటికి ఎవరు పోయినారు?” అని అడిగేవారు. సాయంత్రమునకు ఎవరో ఒకరు పోయేవారు. మా కార్యాలయములో కడవరకు నిలిచినవారి సంఖ్యకు అదియొక కారణమని మా నమ్మకము.

మిత్రులారా, ఇప్పుడు మన ముందున్న ప్రశ్నకు వత్తుము. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి మనము అనుభవించిన పెన్షను లేదు. 2025 ఏప్రిల్ 1నుండి ఏకీకృత పెన్షను పథకమను వేరొక ఏర్పాటు వచ్చినది. దానిలో ఎవరికి లాభము, ఎవరికి నష్టము అను లెక్క యువకులు తమంతట తాము వేసికొనలేక తికమకపడుచున్నారు. స్టేషన్లలో, సార్టింగు కేంద్రములలో మన ప్రక్కనే కాంట్రాక్టు కార్మికులు పనిచేయుచున్నారు. వారి పేర్లు మనలో ఎందరికి తెలుసు? 8వ వేతన సంఘము ఏర్పడినది. మరల 1957 సూత్రము, మరల 72 గజముల లెక్క చర్చకు వచ్చును. ఆ లెక్కను ఐక్యతతో అడుగవలెనన్నచో, మొదట మన పుస్తకములో అందరి నంబర్లు ఉండవలెను.

బాబాయి పేర ఒక హాలు కట్టవలెనని, పటము పెట్టవలెనని కొన్ని శాఖలవారు ఉత్తరములు వ్రాసినారు. వారి ప్రేమకు మా కుటుంబము కృతజ్ఞత తెలుపుచున్నది. కాని వేరొక ప్రతిపాదనను మీ ముందుంచుచున్నాము. ప్రతి శాఖయు ఒక పుస్తకము పెట్టవలెను. అందులో మూడు పట్టికలు ఉండవలెను. మొదటిది, మరణించిన సభ్యుల కుటుంబములది: కుటుంబ పెన్షను వచ్చినదా, కారుణ్య నియామకపు దరఖాస్తు ఎక్కడనున్నది, పిల్లలు చదువుచున్నారా. రెండవది, వృద్ధ పెన్షనర్లది: భార్యాభర్తల పుట్టినతేదీలు కాగితములలో ఉన్నవా, నవంబరులో జీవన ప్రమాణ పత్రమునకు తోడుపోవుటకు మనిషి ఉన్నాడా. మూడవది, మన ప్రక్కన పనిచేయుచు మన సంఘములో లేనివారిది: కాంట్రాక్టు కార్మికులు, డాక్ సేవకులు, ఏ సంఘముపైనను నమ్మకము కుదరని కొత్త ఉద్యోగులు. నెలకొకసారి కార్యదర్శి ఆ పుస్తకమును సమావేశములో చదువవలెను. ఎవరి ఇంటికి ఎవరు పోయినారో అందులో వ్రాయవలెను. దీనికి నిధులు అక్కరలేదు. కాళ్ళు కావలెను.

ఇది ఉద్యమము కాదు, సేవ మాత్రమే అని కొందరు మిత్రులు అనవచ్చును. బాబాయి మూడు సమ్మెలు చేసినారు, మూడేండ్లు ఉద్యోగము పోగొట్టుకొన్నారు. ఆయనకు పోరాటమంటే ఏమో తెలియదని ఎవరూ అనలేరు. సమ్మెకు ముందు తలుపు తట్టనివాడు సమ్మెనాడు తట్టితే ఆ తలుపు తెరచుకొనదని ఆయన అనుభవము. పోరాటమును నిలబెట్టునది ఆ తలుపే.

చివరి వారములో ఆయనకు మాట తగ్గినది. మా పిన్ని ప్రక్కనే కూర్చుండేవారు. ఆమెకు ఎనుబది నిండి రెండేండ్లయినది. బాబాయి పెన్షను కాగితములో ఆమె పుట్టినతేదీ స్పష్టముగా వ్రాసియున్నది. ఆయన మరణించిన తరువాత మేము బ్యాంకునకు పోయినప్పుడు ఒక్క ప్రశ్న కూడ రాలేదు. ఇటువంటి నెమ్మదిని ఆయన వందల ఇండ్లలో ఏర్పాటుచేసి పోయినారు.

ఈ ప్రతిపాదనను సభ ఆమోదించవలెనని కోరుచు, ఆ పుస్తకము మొదటి పుటలో బాబాయి పేరు వ్రాయవద్దని, మీ శాఖలో మొట్టమొదట ఎవరి ఇంటికి పోవలసియున్నదో వారి పేరు వ్రాయవలసినదని మనవి చేసికొనుచు, సెలవు తీసికొందుము.

రైల్వే, తపాలా ఉద్యోగుల ఐక్యత వర్ధిల్లుగాక!